జంట కిరణాల వేదికపై మెహనాజ్ గారి ముప్ఫై ఆరేళ్లు

1990 జూలై రెండవ తేదీ సోమవారం నాడు, నందికొట్కూరు రోడ్డు పక్కన గోడలకు ఇంకా సున్నమైనా పడని మన లేజరు ప్లాస్మా పరిశోధన కేంద్రంలో శాస్త్ర సహాయకురాలిగా అడుగుపెట్టిన డాక్టర్ షేక్ మెహనాజ్ గారు, ముప్ఫై ఆరు సంవత్సరాల అవిచ్ఛిన్న సేవానంతరం, జంట కిరణాల విభాగాధిపతిగా 2026 జూన్ ముప్ఫయ్యవ తేదీన పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సంచికల్లో విరమణ పొందేవారిని నిరాడంబరులనీ, నిష్కళంకులనీ, నిత్యప్రసన్నులనీ కీర్తించడం ఆనవాయితీ. మెహనాజ్ గారి విషయంలో మొదటి రెండు మాటలూ అక్షరసత్యాలు. మూడవదాని సంగతి మాత్రం, అరకొర కొలతలు చేతబట్టుకుని ఏ ఏప్రిల్ మధ్యాహ్నమో ఆమె ఎదుటికి వెళ్లినవారిని అడిగి తెలుసుకోవడం మంచిది.

మెహనాజ్ గారి జన్మస్థలం బేతంచెర్ల. తండ్రి హుస్సేన్ సాహెబ్ గారు నాపరాళ్లకు నునుపు పట్టించే చిన్న కార్ఖానా నడిపేవారు. తల్లి పీరాంబీ గారు ఆరుగురు పిల్లలను పెంచుతూనే ఆ కార్ఖానా పనివాళ్లందరికీ పెద్దదిక్కుగా మెలిగేవారు. రాతి దుమ్ము ఆరేసిన బట్టల మీదా, వండిన అన్నం మీదా సమదృష్టితో వాలే ఆ ఊరి నుంచి, అద్దం మీద ఒక్క నలుసు పడితే ఆ అద్దమే కాలిపోయే ప్రయోగశాలకు ఆమె దరఖాస్తు పెట్టుకున్నారు. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి కొంచెం వేళాకోళంగానే, "బేతంచెర్ల అమ్మాయివి, దుమ్ము లేకుండా పనిచేయగలవా?" అని అడిగారట. "దుమ్ములో పుట్టినోళ్లకే సార్ అది యాడ యాడ కూచుంటాదో తెలిసేది" అని ఆమె బదులిచ్చారట. ఉద్యోగం వచ్చింది. ఆ పెద్దమనిషి తరువాత చాలాకాలం మన కేంద్రానికి సలహాదారుగా ఉండి, ప్రయోగమందిరంలోకి వెళ్లే ముందు చెప్పులు విప్పానో లేదో అని ఒకటికి రెండుసార్లు కాళ్ల వైపు చూసుకునేవారు.

ఆమె జీవితకాలం వెచ్చించిన విషయాన్ని, ఈ సంచిక చదివే కుటుంబసభ్యుల కోసం, రెండు మాటల్లో చెప్పవలసి ఉంది. శూన్యంలో రెండు లేజరు కిరణాలు ఒకదానికొకటి అడ్డంగా ఎదురైతే, పరిచయం లేని ఇద్దరు బాటసారుల్లాగా ఎవరి దారిన వారు వెళ్లిపోతాయి. ఒకదాని సొత్తు మరొకదానికి చేరదు. అదే ప్లాస్మాలో, అంటే వేడికి అణువులు చితికి విద్యుదావేశ కణాలుగా విడిపోయిన వాయువులో, కలిస్తే కథ మారుతుంది. అవి దాటుకునే చోట వెలుగునీడల చారలు ఏర్పడతాయి. ఆ చారలు ప్లాస్మాలోని కణాలను నెట్టి సన్నని అలను పుట్టిస్తాయి. ఆ అల ఒక కిరణంలోని వెలుగును కొంత మళ్లించి రెండవదాని దారిలో పెడుతుంది. ఒకటి చిక్కుతుంది, మరొకటి బలుస్తుంది. అనేక కిరణాలతో ఒక చిన్న ఇంధన గుళికను అన్నివైపులా సమంగా నొక్కి సూర్యునిలోని శక్తిని భూమి మీద రాబట్టాలని ప్రపంచంలోని పెద్ద ప్రయోగశాలలు ప్రయత్నిస్తున్నాయి. దారిలో కిరణాలు ఇలా ఇచ్చిపుచ్చుకుంటే ఆ సమత్వం చెడుతుంది. కనుక ఎంత వెలుగు, ఎప్పుడు, ఎటు మళ్లుతుందో కొలవడం అవసరం. ఆ పెద్ద ప్రయోగశాలలతో పోలిస్తే చాలా చిన్నదైన మన లేజరుతో, ఆ కొలతను కర్నూలులో చేసి చూపాలన్నది మెహనాజ్ గారి సంకల్పం.

మొదటి దశాబ్దమంతా ఆమె పేరు ఏ పత్రంలోనూ పెద్దగా కనిపించదు. అద్దాలు సరిచేయడం, వాయువు పాత్రలో చిల్లులు వెతకడం, కరెంటు హెచ్చుతగ్గులకు అలిగే యంత్రాన్ని బుజ్జగించడం, ఇవే ఆమె దినచర్య. 1993లో నందికొట్కూరు జూనియర్ కళాశాల అధ్యాపకులు ఇలియాస్ గారితో వివాహమైంది. ఉద్యోగం చేస్తూనే, కుమార్తె సబీనాను చంకనేసుకునే, 1999లో డాక్టరేటు పూర్తిచేశారు. ఆ సంవత్సరాల్లోనే ఆమె తోటివారికి ఒక పనితీరును అలవాటు చేశారు. వెలుగు పుచ్చుకునే చిన్న కిరణాన్ని ఒంటరిగా ఒకసారి కొలవాలి. ఆ వెంటనే వెలుగు ఇచ్చే పెద్ద కిరణాన్ని జతచేసి కొలవాలి. మళ్లీ ఒంటరిగా, మళ్లీ జంటగా. నిన్న ఒంటరిగా కొలిచి, ఇవాళ జంటగా కొలిచి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పెళ్లిచూపులు జరిపించడం ఆమె ఒప్పుకునేవారు కారు. "ఒంటి, జంట; ఒంటి, జంట" అని ఆమె అదిలిస్తుండగా పని నేర్చుకున్నవారు ఈనాడు దేశమంతటా పెద్ద హోదాల్లో ఉన్నారు. వారిలో కొందరు ఇంట్లో కూరలో ఉప్పు కూడా అదే పద్ధతిలో చూస్తారని భోగట్టా.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి పట్టణం మీద పడినప్పుడు మెహనాజ్ గారి ఇంటి కింది అంతస్తు నీట మునిగింది. ఆ సమయంలో ఆమె ఇక్కడ, మెట్ల మీద వరుసగా నిలబడిన సహోద్యోగుల చేతుల మీదుగా అద్దాలను పై అంతస్తుకు చేరవేయిస్తూ ఉన్నారు. అద్దాలు దక్కాయి, పెళ్లినాటి ఫొటోలు దక్కలేదు. ఈ మాట సభలో ప్రస్తావిస్తామని అంటే ఇలియాస్ గారు, "ఫొటోలు పోతే పోయినాయిలేప్పా, పెండ్లి నిలబడింది గదా" అన్నారు.

2014లో ఆమె చిరకాల స్వప్నమైన జంట కిరణాల వేదిక, అంటే రెండు కిరణాలను ప్లాస్మాలో కలిపి కొలిచే అమరిక, సిద్ధమైంది. లేజరు బాధ్యత ఆదోని వాస్తవ్యులైన ఇంజనీరు బసవరాజు గారిది. అదే సంవత్సరం రాజంపేట సమీపంలోని ఒక చేనేత కుటుంబం నుంచి శివజ్యోతి అనే యువతి పరిశోధక విద్యార్థినిగా చేరారు. వేదిక మీద నాలుగేళ్లపాటు ఏమీ కనిపించలేదు. పెద్ద కిరణం వెళ్లింది, చిన్న కిరణం వెళ్లింది, రెండూ మర్యాదస్తుల్లా ఎవరి వెలుగు వారే పట్టుకుని బయటికి వచ్చాయి. శివజ్యోతి గారి సిద్ధాంత గ్రంథమంతా ఆ వెలుగు మార్పిడి మీదే ఆధారపడి ఉంది. ఆమెకు లభిస్తున్న పరిశోధక వేతనం గడువు 2018 సెప్టెంబరుతో తీరిపోనుంది. మెహనాజ్ గారు పైకి ఏమీ అనకపోయినా, టీ తాగేటప్పుడు గ్లాసు చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకుని కూర్చోవడం ఆ రోజుల్లోనే మొదలైంది.

2018లో రంజాన్ మాసం మే నడిమధ్య వచ్చింది. కర్నూలు ఎండ గురించి కర్నూలువారికి చెప్పనక్కరలేదు. ప్రయోగమందిరంలో లేజరు గదికి చల్లదనం యంత్రం ఉంది. కిరణాలు కలిసి బయటికి వచ్చే చివరి భాగం మాత్రం పడమటి గోడ పక్కన, రేకుల కప్పు కింద ఉండేది. మొదటి రోజే బసవరాజు గారు తీర్మానం చేసేశారు.

"ఒక్కపొద్దుండే మనిషి మద్దేనం పూట ఆ రేకుల కింద నిలబడేదేంది మేడం? వద్దు. తెల్లారగట్ల సహరి తిన్నాక సల్లపూట వచ్చి మీ ఒంటి కొలతలు మీరు చేసుకొని పోండి. జంట కొలతలు పగటి పూట నేనూ శివజ్యోతీ చూసుకుంటాం."

"అట్ల చేస్తే వరుస తప్పుతాది గదప్పా" అన్నారట మెహనాజ్ గారు.

"యాడికి తప్పుతాది? లేజరు అదే, అద్దాలు అవే. నెల దినాల మాట. మేం మీ ఎదురుగా నీళ్లు తాగలేక చస్తాండాం, మా బాధ కూడా చూడండి."

అది నిజం. ఆ నెలలో బసవరాజు గారు మంచినీళ్లు తాగవలసి వస్తే జనరేటరు గది వెనక్కి వెళ్లి, దొంగతనం చేసినవాడిలా మూతి తుడుచుకుంటూ వచ్చేవారు. అటువంటి ఆప్యాయతకు కాదనడం కష్టం. మెహనాజ్ గారు ఒప్పుకున్నారు. తెల్లవారుజామున నమాజు ముగించుకుని వచ్చి చిన్న కిరణాన్ని ఒంటరిగా కొలిచి, ఎండ ముదరకముందే ఇంటికి వెళ్లేవారు. పగలు మిగతా ఇద్దరూ పెద్ద కిరణాన్ని జతచేసి కొలిచేవారు. సాయంత్రం రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టేవారు.

వారం తిరగకుండానే నాలుగేళ్లుగా కనిపించనిది కనిపించింది. జంటగా వెళ్లినప్పుడు చిన్న కిరణం నూటికి ఎనిమిది పాళ్లు బలిసి బయటికి వస్తోంది. ఒకరోజు కాదు, ప్రతిరోజూ. శివజ్యోతి గారు రాజంపేటకు ఫోను చేసి అమ్మతో మాట్లాడుతూ ఏడ్చారు. డైరెక్టరు గారు స్వయంగా నడిచి వచ్చి కరచాలనం చేశారు. జూలైలో జరగబోయే జాతీయ సమావేశానికి పత్రం పంపగా, అంగీకారం కూడా వెంటనే వచ్చింది. మెహనాజ్ గారి గురించి ఇక్కడ ఒక మాట ఉన్నదున్నట్టు చెప్పాలి: ఆమె ఆ రోజుల్లో నిజంగా నిత్యప్రసన్నులుగానే ఉన్నారు. ఇఫ్తారు వేళకు అందరికీ ఖర్జూరాలు పంచి, ఎన్నడూ లేనిది, ప్రయోగమందిరం వరండాలో గట్టిగా నవ్వారు.

మే నెలాఖరులో ఒకరోజు పట్టపగలు మబ్బు కమ్మి, గాలిదుమారం లేచి, రెండు గంటలపాటు వాన దంచికొట్టింది. ఊరంతా చల్లబడింది. ఆ రోజు చిన్న కిరణం నూటికి మూడు పాళ్లే బలిసింది. మరునాడు ఎండ మళ్లీ కాచింది. ఎనిమిది మళ్లీ వచ్చింది. బసవరాజు గారు ఆ వాననాటి అంకెను కరెంటు హెచ్చుతగ్గుల ఖాతాలో వేసి వదిలేశారు. మెహనాజ్ గారు వదలలేకపోయారు. ఆమె తరువాత చెప్పుకున్నదాని ప్రకారం, ఆ రెండు రోజులూ ఆకలి కన్నా, దాహం కన్నా ఆ మూడు పాళ్లే ఎక్కువగా బాధించాయి. తెలుసుకోకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించిందట. పత్రం అంగీకారమైంది, పిల్ల బతుకు ఒడ్డున పడింది, ఇప్పుడు ఎందుకు కెలకడం అని మనసు ఒకపక్క చెబుతూనే ఉందట.

మూడవ రోజు మిట్టమధ్యాహ్నం, ఉపవాసంతో, తలమీద దుపట్టా కప్పుకుని ఆమె ప్రయోగమందిరం గుమ్మంలో నిలబడ్డారు.

"ఏంది మేడం, ఈ ఎండలో ఎట్లొస్తిరి?" అని బసవరాజు గారు కుర్చీలోంచి లేచారు.

"ఆటోలో వస్తి. బసవరాజూ, వాన యాడ పడింది?"

"యాడ పడేదేంది? ఊరంతా పడింది."

"ఊర్లో పడింది. ప్లాస్మా గాలి కూడా దూరని పాత్ర లోపల ఉండాది. బయట వాన పడిందని దానికెవురు చెప్పినారప్పా?"

మెహనాజ్ గారు పెద్ద కిరణాన్ని ఆపేయమన్నారు. చిన్న కిరణాన్ని ఒక్కదాన్నే, ఆ మధ్యాహ్నపు వేడిలో, కొలవమన్నారు. శివజ్యోతి గారు మీట నొక్కారు. తెల్లవారుజాము కొలతతో పోలిస్తే నూటికి ఎనిమిది పాళ్లు ఎక్కువ వచ్చింది. మళ్లీ కొలిచారు. మళ్లీ అంతే. ఇచ్చేవాళ్లు ఎవరూ లేకుండానే పుచ్చుకునేది బలిసింది. రేకుల కింద ఉన్న కొలత పరికరం వేడెక్కినకొద్దీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తోందని అర్థం కావడానికి ఇక శాస్త్రమేమీ అక్కరలేకపోయింది. వారు ఇన్నాళ్లూ పక్కపక్కన పెట్టి చూసినవి ఒంటరి కిరణమూ జంట కిరణమూ కావు, కర్నూలు ఉదయమూ కర్నూలు మధ్యాహ్నమూ.

శివజ్యోతి గారే ముందుగా అడిగారు.

"మేడం, ఈ పూట మనం ఇది కొలవలేదనుకుంటే? ఆ వాన దినం ఒక్కటీ పక్కన పెడితే మిగతావన్నీ బాగుండాయి గదా?"

"బాగుండేది గాదు పాపా. మనకు కావాల్సినట్ల ఉండాయి."

"సెప్టెంబరు తర్వాత నా గతేంది మేడం?"

మెహనాజ్ గారు దాచుకోలేదు. "తెలీదు పాపా. కానీ ఈ అంకె మీద నీ పేరు వేసి నేను బయటికి పంపలేను" అన్నారు. బసవరాజు గారు ముఖం చిన్నబుచ్చుకుని, "మేం మంచికే చేస్తిమి మేడం" అన్నారు. "మంచికే చేసినారు. నన్ను ఎండలో నిలబెట్టనన్నారు, నేనూ సంతోషంగా ఇంటికి పోతి. ఆ మర్యాద నాకు చేసినారు గానీ ఆ పరికరానికేం తెలుస్తాదప్పా?" అన్నారు ఆమె. ఒకరి ఉపవాసం మీద మరొకరికి గల గౌరవం వల్ల శాస్త్రంలో తప్పు దొర్లిన ఉదంతం మరెక్కడైనా ఉందో లేదో తెలియదు. మన కేంద్రంలో మాత్రం ఉంది. ఆ తప్పు పట్ల సిగ్గుపడాలో గర్వపడాలో ఈనాటికీ మనలో ఏకాభిప్రాయం లేదు.

పత్రాన్ని ఉపసంహరించుకోవడం అంత సులువుగా జరగలేదు. సమావేశంలో నోటిమాటగా చిన్న సవరణ చెబితే సరిపోతుందనీ, కేంద్రం పేరు బజారున పడుతుందనీ పెద్దలు నచ్చజెప్పజూశారు. మెహనాజ్ గారు వారి మాటలను ఆసాంతం శ్రద్ధగా విని, ఆ సాయంత్రమే ఉపసంహరణ పంపారు. అందులో కారణం దాచలేదు. ఒంటి కొలతలు ఉదయమూ జంట కొలతలు మధ్యాహ్నమూ జరిగినందున ఫలితం చెల్లదని, ఆ ఏర్పాటుకు అంగీకరించింది తానేనని రాశారు. మిగిలిన ఉపవాస దినాలన్నీ మధ్యాహ్నాలే వచ్చి, రేకుల కింద నిలబడి, ఒంటి జంటలను పాత వరుసలోనే కొలిచారు. ఏమీ కనిపించలేదు. ఎనిమిది కాదు, మూడు కాదు, ఒకటి కూడా లేదు.

శివజ్యోతి గారు సెలవు పెట్టి ఊరికి వెళ్లిపోయారు. పండుగ వెళ్లిన వారానికి మెహనాజ్ గారు కడప మీదుగా బస్సులో రాజంపేట చేరి, అక్కడి నుంచి ఆ నేతల ఊరికి వెళ్లారు. శివజ్యోతి గారి తల్లి ప్రమీలారాణి గారు ఆమెను లోపలికి ఆహ్వానించి, మజ్జిగ చేతికిచ్చి, "మా పాప అలిగింది మేడం. అన్నమైతే తింటాండాది, మాటే లేదు" అని విన్నవించారు. మెహనాజ్ గారు మగ్గాల చప్పుడు మధ్య చాలాసేపు ఊరికే కూర్చున్నారు. బోధలు చేసే అలవాటు ఆమెకు మొదటినుంచీ లేదు. ఎట్టకేలకు శివజ్యోతి గారు బయటికి వచ్చి, కూర్చోకుండానే ఒకే మాట అడిగారు.

"మీరు మొదటి దినమే ఎందుకు పట్టుకోలేదు మేడం? ఒంటి, జంట అని మాకు నేర్పించింది మీరే గదా?"

"సంతోషంగా ఉంటి పాపా" అన్నారు మెహనాజ్ గారు. "ఎనిమిది వచ్చినప్పుడు దాన్ని నేను అడగాల్సింది, ఎందుకొస్తివి అని. అడగలేదు. ఇరవై ఎనిమిదేండ్లు ఎదురు చూసినదాన్ని, గుమ్మంలోకి వస్తే కాళ్లు కడుక్కోమని నీళ్లిస్తి."

ఆ మాటకు శివజ్యోతి గారు కూర్చున్నారు. కోపం అంతటితో పోలేదని ఆమే చెబుతారు. కానీ తనను ఓదార్చకుండా, తనతో సమానంగా ఓడిపోయి ఎదురుగా కూర్చున్న మనిషి మీద కోపాన్ని ఎక్కువకాలం నిలబెట్టడం కష్టమైందట. ఆగస్టులో తిరిగి వచ్చారు. సెప్టెంబరుతో వేతనం ఆగింది. కర్నూలులో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతూ, సాయంత్రాలూ ఆదివారాలూ వేదిక దగ్గర పని చేశారు. పరికరాన్ని రేకుల కింద నుంచి లేజరు గదిలోకి మార్చారు. ప్లాస్మాను మరింత చిక్కగా తయారుచేయడానికి వాయువును చిమ్మే గొట్టం ముక్కును కొత్తగా చేయించారు. ఆ అల లేచేందుకు వీలుగా రెండు కిరణాల రంగుల మధ్య వెంట్రుకవాసి తేడా కల్పించడానికి బసవరాజు గారు ఒక ఏడాదంతా కష్టపడ్డారు. మధ్యలో కరోనా వచ్చి తలుపులు మూయించింది.

2021 నవంబరులో చిన్న కిరణం నిజంగానే బలిసింది, నూటికి రెండున్నర పాళ్లు. ఉదయమూ అంతే, మధ్యాహ్నమూ అంతే. ఒక కిరణంలో వెలుగు ఊగే దిశను మరొకదానికి అడ్డంగా తిప్పగానే ఆ లాభం మాయమైంది. తిరిగి యథాస్థానానికి తేగానే వచ్చింది. అసలైన మార్పిడి అయితే అలాగే ప్రవర్తించాలని సిద్ధాంతం చెబుతుంది. అప్పుడు కూడా మెహనాజ్ గారు వెంటనే నవ్వలేదు. మరో నాలుగు నెలలు కొలిపించి, ఆ తరువాతే పత్రం పంపమన్నారు. అది పెద్ద ఫలితమేమీ కాదు. విదేశాల్లోని మహా ప్రయోగశాలల్లో వచ్చే అంకెల పక్కన అది చంటిపిల్ల. కానీ మన లేజరుతో, మన వేడిలో, మన కరెంటుతో వచ్చిన నికరమైన అంకె. 2022లో శివజ్యోతి గారు డాక్టరేటు పొందారు. మరుసటి ఏడు మన కేంద్రంలోనే శాస్త్రవేత్తగా నియమితులయ్యారు. సిద్ధాంత గ్రంథంలో మొదటి అధ్యాయం 2018 నాటి ఎనిమిది పాళ్ల పొరపాటు గురించే. అలాగే ఉండాలని పట్టుబట్టింది విద్యార్థినే, గురువు కారు.

తరువాతి సంవత్సరాల్లో మెహనాజ్ గారికి వచ్చిన పురస్కారాలు ఈ సంచికలో వేరే పుటలో ఉన్నాయి కనుక ఇక్కడ చెప్పడం చర్వితచర్వణం అవుతుంది. ఈ ఏడాది ఏప్రిల్ నుంచి ఆమె విభాగ బాధ్యతలను శివజ్యోతి గారికి అప్పగిస్తూ, ప్రయోగమందిరంలోకి వెళ్లడం కావాలనే తగ్గించుకున్నారు. ఈ సందర్భంలో జరిగిన ఒక విషయాన్ని తెలియజేయడం అవసరం. ఎందుకంటే దాని కారణంగానే, ఈ అభినందన సభలో మొదట అనుకున్న ఒక ప్రకటన జరగడం లేదు.

జూన్ మొదటి వారంలో వేదిక మీద మునుపెన్నడూ లేనంత పెద్ద మార్పిడి కనిపించింది. అంకె ఎంతో ఇక్కడ రాయడం లేదు. బసవరాజు గారి ఆనందానికి మేర లేదు. మెహనాజ్ గారికి ముందుగా తెలియనీయకుండా, సభలో శాలువా కప్పే సమయాన ఆ ఫలితాన్ని ప్రకటించి, ముప్ఫై ఆరేళ్ల సేవకు అదే మన కానుక అని చెప్పాలని అందరమూ తీర్మానించాం. ఆహ్వానపత్రం ముసాయిదాలో ఆ వాక్యం కూడా చేరింది. శివజ్యోతి గారు ఆ వాక్యాన్ని కొట్టేశారు.

"ఇంకా తేల్చలేదు సార్. శానా చూడాల్సింది ఉండాది" అన్నారు.

"ఎన్ని దినాలు పడుతాదమ్మా?" అన్నారు బసవరాజు గారు.

"రెండు నెలలైనా పడుతాది."

"రెండు నెలలకు మేడం యాడుంటారు? ఇంట్లో ఉంటారు. ఈ ఒక్క దినానికి చెప్పుకుంటే తప్పేముంది? ఆమె కోసమే గదా?"

"ఆమె కోసమే సార్, చెప్పనంటాండా" అన్నారు శివజ్యోతి గారు.

బసవరాజు గారి కడుపులో రహస్యం నిలవదని అందరికీ తెలుసు. మరునాడే ఆయన మెహనాజ్ గారి గదికి వెళ్లి, పెద్ద ఫలితం వచ్చిన సంగతీ, సభలో ప్రకటించాలనుకున్న సంగతీ, శివజ్యోతి గారు మొండికేసిన సంగతీ, ఫిర్యాదు చేస్తున్నట్టుగా అన్నీ చెప్పేశారు. అంకె ఎంతని మెహనాజ్ గారు అడగలేదు. "పాప వద్దనిందా?" అని మాత్రం అడిగారు. అవునన్నారు. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "ఇంక నేను ఇంటికి పోవచ్చప్పా" అన్నారు. ఆమె కళ్లు తడిబారడం ఇన్నేళ్లలో తాను చూసింది ఆ ఒక్కసారేనని బసవరాజు గారు చెబుతున్నారు. చెబుతూ ఆయనా కళ్లు తుడుచుకుంటున్నారు.

కనుక మెహనాజ్ గారికి ఈ సభలో శాలువా ఉంటుంది, పూలదండ ఉంటుంది, బేతంచెర్ల బంధువులు తెచ్చే బిర్యానీ ఉంటుంది. ఫలితం మాత్రం ఉండదు. ఆ ఫలితం నిజమని తేలవచ్చు, కాదని తేలవచ్చు. ఏది తేలినా ఆ కబురు మోసుకుని శివజ్యోతి గారు ఒకనాడు ఆమె ఇంటికి వెళతారు. ఆ రోజు తలుపు స్వయంగా తీసి, లోపలికి పిలిచి, కబురు మంచిదైనా చెడ్డదైనా ఆసాంతం విని, ఇంకొక్కసారి కొలిచి రమ్మని వెనక్కి పంపగలిగినంత ఓపికతో, కంటిచూపుతో, మోకాళ్ల సత్తువతో మెహనాజ్ గారు ఇలియాస్ గారి తోడుగా, సబీనా పిల్లల నడుమ నూరేళ్లూ చల్లగా ఉండాలని సర్వేశ్వరుణ్ని సహోద్యోగులందరం ప్రార్థిస్తున్నాం.